డాబా మీద చన్నీళ్ళ కుళాయి

సౌదీలోని బురైదాలో నేను పనిచేసిన ఇంటి డాబా మీద రెండు గదులు ఉండేవి. ఒకటి బట్టలుతికే మెషిన్లది, రెండోది నాది. నా గదిని ఆనుకుని చిన్న బాత్రూం, అందులో గోడకి బిగించిన పాత కరెంటు గీజరు. తుప్పు పట్టిందే, నీళ్ళు వేడెక్కడానికి చాలాసేపు పట్టేదే, అయినా పనిచేసేది. మొదటి మూడు చలికాలాలు దాని పుణ్యాన వేడినీళ్ళు పోసుకున్నాను. నాలుగో చలికాలంలో దాన్ని ఊడబెరికించారు. ఊడబెరికించింది ఎవరంటే, ఇంటింటా ఎండతో నీళ్ళు కాచుకోవాలని పథకం రాసిన మనిషి. మా బాబా.

యజమానిని బాబా అనీ, ఆయన భార్యని మేడం అనీ పిలిచేదాన్ని. వాళ్ళకి ముగ్గురు పిల్లలు. బాబా తల్లి కూడా ఆ ఇంట్లోనే ఉండేది. ఆవిడకి మోకాళ్ళు పనిచేయవు. స్నానం, బట్టలు, మంచం అన్నీ నా చేతుల మీదే.

ఎడారిలో చలేమిటని మా కోనసీమలో నవ్వుతారు. బురైదాలో జనవరి పొద్దున డాబా మీద నిలబడి చూస్తే తెలుస్తుంది. చుట్టూ ఖర్జూరం తోటలు, వాటి మీంచి వచ్చే గాలి చెవుల్లో సూదులు గుచ్చినట్టు ఉంటుంది. రాత్రంతా ట్యాంకులో ఉన్న నీళ్ళు తెల్లారేసరికి చేతికి తగిలితే వేళ్ళు కొంకర్లు పోతాయి.

బాబా పనిచేసేది ఇళ్ళకీ తోటలకీ అప్పులిచ్చే ఒక సంస్థలో. నీళ్ళు కాచుకోవడానికి, గదులు వెచ్చబెట్టుకోవడానికి తగలేసే కరెంటునీ డీజిల్‌నీ తగ్గించి అందరినీ ఎండ మీదికి మళ్ళించడం ఆయన విభాగం పని. ఆయన మీటింగుల్లో మాట్లాడబోయేది ముందు ఇంట్లో మాట్లాడి చూసుకునేవాడు. మేడం సోఫాలో కూర్చుని వినేది. నేను వాళ్ళు కాఫీలా తాగే గహ్వా కప్పులు తీస్తూ వినేదాన్ని. నాలుగేళ్ళయ్యేసరికి అరబ్బీ నాకు బాగానే వచ్చేసింది.

"నీళ్ళు కాచుకోవడానికి మనం కింద నూనె మండిస్తున్నాం. పైన సూర్యుడు ఊరికే మండుతున్నాడు. ఇది మన పిల్లలకి అన్యాయం" అనేవాడు.

ఆ మాట నాకు నచ్చింది. అబద్ధం చెప్పను, చాలా నచ్చింది. నేను మా ఊళ్ళో అంగన్‌వాడీలో ఆయాగా కట్టెల పొయ్యి ఊది ఊది కళ్ళు పాడుచేసుకున్నదాన్ని. పెద్ద చదువు చదివిన మనిషి పొగ గురించీ ఎండ గురించీ పిల్లల గురించీ మాట్లాడుతుంటే మంచివాడనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

పథకం మొదలయ్యాక మొదటి ఇళ్ళలో తన ఇల్లే ఉండాలని ఆయన పట్టుబట్టాడు. "నేను చెప్పేది ముందు నా ఇంట్లోనే చూపించాలి కదా" అన్నాడు మేడంతో.

సోలార్ బిగించడానికి వచ్చిన మనిషిది రాయచోటి వైపు. నలభై దాటి ఉంటాయి. స్పానర్ జారి వేలికి తగిలినప్పుడు ఆయన తెలుగులో తిట్టుకున్నాడు. బట్టలారేస్తున్న నేను ఆ తిట్టు విని నవ్వాను. అలా మా పరిచయం.

"ఏం మ్మా, తెలుగోళ్ళేనా? యా ఊరు మీది?" అన్నాడు.

"రాజోలు దగ్గరండి" అన్నాను.

డాబా మీద నా గది గోడకి నాలుగడుగుల దూరంలో స్టాండు నిలబెట్టారు. దాని మీద నల్లటి అద్దాల పలకలు, వాటి పైన పెద్ద ట్యాంకు. అంత దగ్గర పెడుతుంటే, ముందుగా నీళ్ళు వచ్చేది నాకే అనుకున్నాను. తర్వాత ఆయన సామాను పట్టుకుని నా బాత్రూంలోకి వచ్చి గీజరు విప్పడం మొదలుపెట్టాడు.

"దీన్ని కూడా తీసేస్తారా అన్నయ్యా?"

"తీయాల మ్మా. కాయితంలో ఐదు గీజర్లు రాసినారు, ఐదూ అప్పజెప్పాల. పాతవి అప్పజెప్తేనే అప్పు ఇచ్చేది."

"మరి నాకు నీళ్ళెలాగ?"

"పైపు వచ్చాది లే. ట్యాంకు పక్కనే ఉండాది గదా. ఒక ముక్క కలిపితే సరి."

ఆయన నిజంగానే కలుపుదామనుకున్నాడు. ముక్క చేతిలో పట్టుకుని ఉండగా బాబా పైకి వచ్చాడు. ముందు కింద నాలుగు బాత్రూంలకీ వంటింటికీ ఇవ్వు, ఇక్కడ కలిపితే కింద ధార తగ్గుతుంది, దీని సంగతి తర్వాత చూద్దాం అని పనివాళ్ళతో మాట్లాడే వచ్చీరాని ఉర్దూలో చెప్పాడు. ధార తగ్గదని ఆ మనిషి చెప్పబోయాడు. బాబా అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

సాయంత్రానికి పని అయిపోయింది. ట్యాంకు నుంచి కిందికి దిగే పైపు నా గోడ మీదుగానే వెళ్ళింది. దాని చుట్టూ నల్లటి స్పాంజి చుట్టారు. వేడి బయటికి పోకూడదట. నేను దాని మీద చెయ్యి పెట్టి చూశాను. ఏమీ తెలియలేదు. లోపల వేడినీళ్ళు పోతుంటాయి, నా గోడకి మాత్రం ఆ వెచ్చదనం రాదు.

వారం ఆగి మేడంని అడిగాను.

"తర్వాత చేయిస్తాం అన్నారు కదా" అంది.

"ఎప్పుడు మేడం? చలి ఇప్పుడే ఉంది."

"వంటింట్లోంచి బకెట్టుతో తీసుకెళ్ళు. నీళ్ళు ఇవ్వనని ఎవరన్నారు?"

ఎవరూ అనలేదు.  ఆ ఇంట్లో నన్ను ఎవరూ కొట్టలేదు, తిండి పెట్టకుండా ఉంచలేదు. జీతం నెలనెలా ఇచ్చారు. గల్ఫ్ కష్టాలు వినేవాళ్ళకి నా కష్టం కష్టంలా కనిపించదు. వేడినీళ్ళే కదా అంటారు. వేడినీళ్ళే.

రోజూ పొద్దున్నే పెద్దావిడకి స్నానం చేయించేదాన్ని. కుళాయి తిప్పగానే పొగలు కక్కుతూ నీళ్ళు వచ్చేవి. అంతకుముందే నేను పైన చన్నీళ్ళతో ముఖం, చేతులు కడుక్కుని వచ్చేదాన్ని. నా చెయ్యి వీపుకి తగలగానే ఆవిడ ఉలిక్కిపడేది. "చేతులు మంచులా ఉన్నాయి, ముందు వేడినీళ్ళలో పెట్టుకో" అనేది. ఆవిడకి చలి తగలకూడదని నా చేతులు వెచ్చబెట్టుకునేదాన్ని. మణికట్టు దాకా వేడి, ఆ పైన నేను. ఆవిడది చెడ్డ మనసు కాదు. నా చేతులు ఎందుకు చల్లగా ఉన్నాయో ఆవిడ ఒక్కరోజూ అడగలేదు, అంతే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ పడుకునేవాళ్ళు. నా స్నానం అప్పుడే. వంటింటి కుళాయి కింద బకెట్టు నింపుకుని రెండంతస్తుల మెట్లెక్కాలి. ఆ వేళకి ఎండ బాగా కాసి ట్యాంకులో నీళ్ళు సలసలమనేలా ఉండేవి. పైకెళ్ళి చన్నీళ్ళు కలుపుకుందామని వేడివే తీసుకెళ్ళేదాన్ని. మెట్ల మీద చుక్కలు పడుతున్నాయని మేడం రెండుసార్లు విసుక్కుంది. తివాచీ పాడైపోతుందట. అప్పట్నుంచి బకెట్టుకి మూత పెట్టి, ఒళ్ళు దగ్గర పెట్టుకుని మోసేదాన్ని.

ఒకరోజు చివరి మలుపు దగ్గర బకెట్టు పిడి ఒకవైపు ఊడిపోయింది. నీళ్ళన్నీ నా ఎడమ కాలి మీద పడ్డాయి. చెప్పు పాదానికి అంటుకుపోయింది. నేను అరవలేదు. అందరూ పడుకుని ఉన్నారని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. కాలు కాలిపోతుంటే వాళ్ళ నిద్ర చెడుతుందని నోరు మూసుకున్నాను. ఆ ఇంట్లో జరిగినవాటిలో నన్ను నేను క్షమించుకోలేనిది ఇదొక్కటే.

ఆస్పత్రికి తీసుకెళ్ళారు. కట్టు కట్టించారు. దారిలో మేడం, "అంత వేడివి ఎందుకు మోశావు?" అని అడిగింది. నిజంగా తెలియక అడిగినట్టే అడిగింది.

పది రోజులకి రాయచోటి ఆయన మళ్ళీ వచ్చాడు. బిగించినవన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, ఫోటోలు తీసి, కాగితాలు నింపి పంపాలట. ఆ కాగితాలు వెళ్తేనే మిగిలిన అప్పు విడుదలవుతుంది. నేను కుంటుతూ డాబా తలుపు తీశాను.

"ఏమాయె మ్మా కాలికి?"

చెప్పాను.  నా బాత్రూంలోకి వెళ్ళి, గీజరు ఉన్నచోట మిగిలిన బొక్కల్ని చూసి వచ్చాడు. తర్వాత చేతిలో ఉన్న కాగితాలు తిరగేశాడు.

"ఈ ఇంట్లో ఎంతమంది ఉండారు?" అన్నాడు.

"ఆరుగురండి. బాబా, మేడం, ముగ్గురు పిల్లలు, పెద్దావిడ."

"దీంట్లో ఏడుమంది అని ఉండాది."

నాకు అర్థం కాలేదు. ఆయన కాగితం నా వైపు తిప్పి వేలు పెట్టి చూపించాడు. ఏడుగురి ఇకామా, గుర్తింపు నంబర్లు వరసగా ఉన్నాయి. చివరిది నాది. అక్కడ ఉండటానికి ఇచ్చే కార్డు ఇకామా, దాని నంబరు నాకు నోటికొచ్చు.

"ఆరుమందికైతే చిన్న ట్యాంకే ఇస్తారు" అన్నాడు మెల్లగా. "ఏడుమంది ఉంటే ఇట్లా పెద్దది, సులువు వాయిదాలు. నిన్ను కలుపుకొని పెద్దది తీసుకునిండారు. గీజర్లు గూడా అంతే. నీది కలిపితేనే ఐదు."

నాకు చదువు వచ్చు. ఆ కాగితం నేనే తీసుకుని చూశాను. పిల్లల పుస్తకాలు చూసి నేర్చుకున్న అరబ్బీ అక్షరాలు కూడబలుక్కుంటూ చదివాను. కింద ఒక వరస ఉంది. వేడినీళ్ళు ఇచ్చిన బాత్రూంలు: ఐదు. దాని పక్కన టిక్కు. ఆ కింద సంతకం.

"ఈ సంతకం ఎవరిది అన్నయ్యా?"

ఆయన తల ఎత్తలేదు.

"మీదేనా?"

"మొదటి కాయితం ఆరోజే పోవాల అన్నారు మ్మా. తర్వాత వచ్చి కలుపుతాం గదా అని పెట్టినా."

"తర్వాత వచ్చారా?"

"పిలిస్తేనే గదా వచ్చేది. నేను పెట్టకుంటే ఇంకొకడు పెడతాడు. నా ఇకామా రెన్యువల్ మా కఫీల్ చేతిలో ఉండాది. నీకు తెల్వంది కాదు."

తెలియనిది కాదు. వీసా ఇచ్చిన యజమాని, అదే కఫీల్, సరే అంటేనే అక్కడ ఎవరికైనా ఇకామా. అయినా నాకు ఆయన మీద కోపం వచ్చింది. బాబా మీద వచ్చినదానికన్నా ఎక్కువ వచ్చింది. నా భాష మాట్లాడే మనిషి, నా బాత్రూంలో నిలబడి, కుళాయి తిప్పకుండా టిక్కు పెట్టాడు.

"నా కాలు చూడండి. మీ సంతకం ఇది" అన్నాను.

ఆయన ఫోటోలు తీయకుండానే వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత రోజుల్లో నేను ఆ ఇంట్లో ఎలా తిరిగానో నాకే తెలియదు. గిన్నెలు కడుగుతున్నా, పెద్దావిడ జుట్టు దువ్వుతున్నా ఆ ఏడో వరసే కళ్ళముందు. అప్పు కావాల్సి వచ్చినప్పుడు నేను ఆ ఇంటి మనిషిని. నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి కాదు. నన్ను అసలు లెక్కలో వేయకపోయి ఉంటే ఇంత మంట ఉండేది కాదు. పనిమనిషిని కదా, నన్నెవరు లెక్కపెడతారులే అని సర్దుకునేదాన్ని. నా పేరు మీద తీసుకున్న ట్యాంకు నా గోడ పక్కనే కూర్చుని ఉంది.

కట్టు విప్పిన వారానికి పెద్ద బ్యాంకు వాళ్ళు ఇల్లు చూడటానికి వస్తున్నారని చెప్పారు. బాబా సంస్థకి డబ్బు ఇచ్చేది ఆ బ్యాంకే. వాళ్ళకి నచ్చితే పథకం ఇంకా చాలా ఊళ్ళకి పెరుగుతుందట. రెండు రోజులు ఇల్లంతా తుడిపించారు. నా గది తలుపు మూసి ఉంచమన్నారు. దండెం మీద బట్టలు తీసేయమన్నారు.

సాయంత్రం పూట అసర్ నమాజు అయ్యాక వచ్చారు. ఇద్దరు మగవాళ్ళు, ఒకావిడ. ఆవిడ కూడా సౌదీ మనిషే, నల్లటి అబాయా, కళ్ళజోడు, చేతిలో ట్యాబ్. బాబా వాళ్ళని డాబా మీదికి తీసుకెళ్ళాడు. గహ్వా, ఖర్జూరాలు పైకే తెమ్మని మేడం నన్ను పంపింది.

నేను పళ్ళెం పట్టుకుని వెళ్ళేసరికి బాబా పిల్లలకి అన్యాయం అనే మాట దగ్గర ఉన్నాడు. ఆవిడ పలకల మీది దుమ్ము వేలితో రాసి చూసింది. చేతికి నల్లగా అంటింది. కడుక్కోవడానికి చుట్టూ చూసి, మెషిన్ల గది పక్కన తలుపు కనపడితే తోసింది. అది నా బాత్రూం.

కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. చాలాసేపు తిప్పే ఉంచింది.

"ఇది వేడెక్కదా?" అంది లోపలి నుంచి.

"కొంచెం టైం పడుతుంది. పైపులో నిలవున్న నీళ్ళు పోవాలి" అన్నాడు బాబా.

పళ్ళెం నా చేతుల్లో ఉంది.  నాకు ధైర్యం వచ్చిందని చెప్పను. ధైర్యం కాదది. ఒళ్ళు మరిగిపోయింది, అంతే.

"ఎంతసేపు తిప్పినా వేడినీళ్ళు రావండి" అన్నాను అరబ్బీలో. "ఈ కుళాయికి పైపు కలపలేదు. ఉన్న గీజరు తీసుకెళ్ళారు."

ఆవిడ బయటికి వచ్చింది. చేతులు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసింది, నా కాలు చూసింది. కాలి మీద చర్మం ఇంకా గులాబీరంగులోనే ఉంది.

"ఇక్కడ ఎవరు ఉంటారు?"

"నేను ఉంటాను. ఏడో నంబరు నాదే."

ఆవిడ ట్యాబ్‌లో వెతికి చూసింది. బాబా నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "బిగించినవాడు మర్చిపోయినట్టున్నాడు. ఈ వలస పనివాళ్ళతో ఇదే గొడవ. రేపే సరిచేయిస్తాను" అన్నాడు.

"మర్చిపోలేదు బాబా. మీరే వద్దన్నారు" అన్నాను.

 ఆవిడ ట్యాబ్‌లో ఏదో రాసుకుంది. నేను పళ్ళెం స్టాండు పక్కన పెట్టి కిందికి వచ్చేశాను.

వాళ్ళు వెళ్ళాక మేడం వంటింట్లోకి వచ్చింది. "మేము నీకు ఏం తక్కువ చేశాం? ఇంటి పరువు తీశావు" అంది. నా ఫోను తీసేసుకుంది. ఎగ్జిట్ కొట్టి పంపించేస్తామంది. పంపండి మేడం అన్నాను. పంపలేదు. పెద్దావిడని ఎత్తి కూర్చోబెట్టడానికి అంత తొందరగా ఇంకో మనిషి దొరకదు.

మూడో రోజు ఎవరో కొత్త మనిషి, బంగ్లాదేశ్ ఆయన, వచ్చి పైపు కలిపాడు. అరగంట పట్టలేదు. అరగంట పనికి నేను ఆ చలికాలం సగం ఈదాను. ఆ మధ్యాహ్నం నా గదిలో, నా బాత్రూంలో, ట్యాంకు చల్లారేదాకా నీళ్ళు పోసుకున్నాను. కింద సాయంత్రం స్నానాలకి నీళ్ళు గోరువెచ్చగా వచ్చాయని మేడం అంది. నేను తడి జుట్టు ముడేసుకుని గిన్నెలు కడుక్కున్నాను.

రాయచోటి ఆయన ఏమయ్యాడని బంగ్లాదేశ్ ఆయన్ని అడిగాను. పనిలోంచి తీసేశారన్నాడు. కనిపిస్తే ఇమ్మని నా నంబరు రాసిచ్చాను. వాళ్ళ కంపెనీకి వచ్చిన రిపోర్టులో బిగించినవాడి నిర్లక్ష్యం అని రాశారట. బాబా మాట ఎక్కడా లేదు. సంతకం ఎవరిదుంటే తప్పు వాడిది. వద్దని చెప్పిన నోటికి సంతకం ఉండదు కదా.

 నేను ఆయన మీద కోప్పడింది నిజం. ఆయన పొట్ట కొట్టాలని మాత్రం అనుకోలేదు. నిజం చెప్తే తగలాల్సినవాడికి తగులుతుందనుకున్నాను. అది పైనుంచి జారుకుంటూ వచ్చి అందరికన్నా కిందున్నవాడి మీద పడింది.

నెల తర్వాత బాబా కెమెరా పట్టుకున్న ఒకతన్ని డాబా మీదికి తెచ్చాడు. పథకం పుస్తకంలో మా ఇంటి గురించి వేస్తారట. ఇంట్లో పనిచేసేవాళ్ళకి కూడా ఎండ వేడి అందుతోందని చూపించాలట. నన్ను పిలిచి ఆ కుళాయి పక్కన నిలబడమన్నాడు.

"నిలబడను బాబా" అన్నాను.

"ఫోటోనే కదా."

"ఫోటోనే. అయినా నిలబడను."

ఆయనకి కోపం రాలేదు. ఆశ్చర్యపోయాడు. చివరికి కుళాయిని ఒక్కదాన్నే ఫోటో తీసుకుని వెళ్ళారు.

ఒప్పందం అయ్యేదాకా ఆ ఇంట్లోనే ఉన్నాను. నేను బయల్దేరే కొన్నాళ్ళ ముందు, మేడం నా ఫోను తిరిగిచ్చాక, రాయచోటి ఆయన ఫోను చేశాడు. బంగ్లాదేశ్ ఆయన దగ్గర నా నంబరు తీసుకున్నాడట. యాన్బులో ఒక కాంట్రాక్టరు కింద పైపుల పని దొరికిందన్నాడు. నేను మొదటి మాటే, నా వల్ల మీ పని పోయింది అన్నయ్యా అన్నాను.

"నీ వల్ల యాడ మ్మా. సంతకం నాది గదా" అన్నాడు. మళ్ళీ తనే, "ఇప్పుడు ఆ కాయితంలో కొత్తగా ఒక గడి పెట్టినారంట. పనిమనిషి బాత్రూముకు నీళ్ళు వచ్చాయా, లేదా అని. మా పాత జతగాడు చెప్పినాడు" అన్నాడు.

"ఆ గడిలో టిక్కు ఎవరు పెడతారండి?"

"బిగించేటోడే."

"కుళాయి తిప్పి చూసి పెడుతున్నాడా?"

ఫోనులో ఆయన వెనకాల ఏవో మెషిన్ల చప్పుడు వినిపిస్తోంది.

"కొందరు చూస్తాండారు" అన్నాడు.